కరెంటు పోవడం వేరు, తీసేయడం వేరు: మోటార్ షట్టర్ ఉన్న ఇళ్లకు జాగ్రత్తలు

పోయిన ఆదివారం సాయంత్రం గాలిదుమారం లేచినప్పుడు మా బజారులో ఒక పెద్దాయన ఇంటి షట్టర్ సగంలో ఆగిపోయింది. కారు బయట ఉంది, చినుకులు మొదలయ్యాయి. ఆయన గోడ మీది స్విచ్ 'పైకి' అని నొక్కారు, షట్టర్ లేస్తుండగానే కరెంటు పోయింది. స్విచ్ నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది. షట్టర్ కొన్నాళ్లుగా పైన ఎక్కడో గీసుకుంటున్న చప్పుడు వస్తోందట. కరెంటు లేనప్పుడే చూసుకుంటే మంచిదనుకొని, ప్లాస్టిక్ స్టూలు వేసుకొని ఎక్కి, పైన షట్టర్ చుట్టుకునే రేకు డబ్బా మూత తీసి, చుట్టకూ పైపుకూ మధ్య చేయి పోనిచ్చారు. ఐదు నిమిషాలకు కరెంటు వచ్చింది. ఇంట్లో ఫ్యాన్లు తిరిగినట్టే మోటారూ తిరిగింది.

నేను ఉరికి వెళ్లి ఎంసీబీ (బోర్డులో లైనును తెంచే స్విచ్) దించి, చేతిగొలుసు లాగి, చుట్టను జానెడు వెనక్కి తిప్పితే గానీ చేయి బయటికి రాలేదు. రెండు వేళ్లు చితికాయి. ఉంగరం వేలి మాంసంలోకి దిగిపోయింది, ఆస్పత్రిలో కట్టర్‌తో కోసి తీశారు. "కరెంటు లేదు కదా తమ్మీ" అని ఆ నొప్పిలోనే ఆయన పదిసార్లు అన్నారు.

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు జడ్చర్ల, మహబూబ్‌నగర్ దాకా పద్దెనిమిదేళ్లుగా షట్టర్లకు మోటార్లు బిగిస్తున్నాను. వేళ్లు పోయినవాళ్లను చూశాను, నడుము విరిగినవాళ్లను చూశాను. అందరి నోటా ఇదే మాట విన్నాను, కరెంటు లేదు కదా అని. కరెంటు పోవడం వేరు, కరెంటు తీసేయడం వేరు. పోయిన కరెంటు ఎప్పుడైనా వస్తుంది. మీరు తీసేసిన కరెంటు మీరు పెడితేనే వస్తుంది. గాలివానలో చెట్టుకొమ్మ తీగకు తగిలి పోయిన లైను నిమిషంలో రావచ్చు, మళ్లీ పోవచ్చు, మళ్లీ రావచ్చు. రోహిణి కార్తె నుంచి తొలకరి కుదురుకునే దాకా ఇదే తంతు. ఈ నెల రోజులూ షట్టర్ దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

మన దగ్గర గ్యారేజీ అంటూ వేరే కట్టుకునేవాళ్లు తక్కువ. ఇంటి ముందు మడిగె (దుకాణం గది) వేస్తాం, కిరాయికి ఇవ్వకపోతే అందులోనే కారు పెట్టి షట్టర్‌కు మోటార్ బిగిస్తాం. పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న రేకు షట్టర్ క్వింటాలుకు అటూ ఇటూ ఉంటుంది. అంటే రెండు సిమెంటు బస్తాలు మీ నెత్తి మీద వేలాడుతున్నట్టు లెక్క. పక్కకు బిగించే మోటార్లలో ఆ బరువును ఆపేది లోపలి బ్రేకు. మోటార్‌కు కరెంటు అందుతున్నప్పుడు బ్రేకు వదులుతుంది, అందకపోతే పట్టేస్తుంది. ఆ బ్రేకును చేత్తో వదిలించే చిన్న తాడో లివరో ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్ని లాగితే షట్టర్ తన బరువుకు తానే దిగుతుంది. కొన్ని మెల్లగా దిగుతాయి, పాతబడ్డవి దబ్బున పడతాయి. పైకి ఎత్తడానికి ఆ తాడు పనికిరాదు, దానికి చేతిగొలుసు ఉంది. ఏది తాడు, ఏది గొలుసు అన్నది ఇంట్లో అందరికీ పట్టపగలు ఒకసారి చూపించండి. చీకట్లో, వానలో, టెన్షన్‌లో ఒకదాని బదులు ఇంకోటి లాగుతారు.

షట్టర్ కదలకపోతే మీరు చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. చాలాసార్లు రిమోట్ బ్యాటరీయే అయిపోయి ఉంటుంది. రిమోట్‌కు పలకకుండా గోడ స్విచ్‌కు పలికితే తప్పు రిమోట్ వైపే ఉంటుంది, మోటార్ జోలికి పోనక్కర్లేదు. రెండింటికీ పలక్కపోతే ఎంసీబీ పడిపోయిందేమో చూడండి. ఒకసారి ఎత్తి చూడవచ్చు. మళ్లీ పడితే ఆపేయండి, అది ఏదో చెబుతోంది. మోటార్ మూలుగుతుంది గానీ తిరగదంటే చాలాసార్లు ఓల్టేజీ తక్కువై ఉంటుంది, లేదా కెపాసిటర్ (మోటార్ తిరగడం మొదలెట్టడానికి ఊతమిచ్చే భాగం) పోయి ఉంటుంది. మూలుగుతున్నప్పుడు స్విచ్ పట్టుకొని నిలబడితే వైండింగ్ (మోటార్ లోపలి తీగ చుట్ట) కాలుతుంది. చుట్టాలొచ్చిన రోజు వరసగా ఎత్తీ దించీ చేస్తే వేడెక్కి దానంతటదే ఆగుతుంది, అరగంట వదిలేస్తే తిరుగుతుంది. దీనికి మెకానిక్‌ను పిలిచి డబ్బులు పోసుకోవద్దు.

ఇంకో సంగతి. రాత్రి షట్టర్‌కు పక్క తాళాలు వేసి, పొద్దున అవి తీయకుండానే రిమోట్ నొక్కుతారు. కింద గట్టిగా పట్టి ఉంటుంది, పైన మోటార్ లాగుతుంది. నడుమ పట్టీలు మడతపడతాయి, చానల్ (షట్టర్ అంచులు జారే పక్క గాడి)లోంచి బయటికి వస్తాయి. మోటార్ పెట్టించాక పక్క తాళాలు ఊరెళ్లేటప్పుడే వేయండి. వేస్తే రిమోట్‌ను ఆ తాళంచెవికే కట్టి ఉంచండి.

సెన్సార్ గురించి తప్పకుండా చెప్పాలి. అమెరికాలో 1993 నుంచి తయారయ్యే ఇళ్ల గ్యారేజీ డోర్ మోటార్లకు, మనిషో వస్తువో అడ్డొస్తే వెనక్కి తిరిగే ఏర్పాటు ఉండి తీరాలి. చాలావాటికి తలుపుకు రెండు పక్కలా, నేలకు ఆరంగుళాలు దాటకుండా లైటు కన్ను పెడతారు. పాకే పిల్లవాడు కూడా దానికి కనబడాలని ఆ ఎత్తు. మన షట్టర్లకు చాలాచోట్ల ఆ కన్ను ఉండదు, అడిగి పెట్టించుకోవాలి. పెట్టించినా నడుమెత్తు బిగిస్తే పిల్లలకు పనికిరాదు. మిర్యాలగూడలో మిల్లుల దగ్గరి ఇళ్లకు వెళ్తే సెన్సార్ అద్దం మీద ఊక దుమ్ము వేలెడు మందాన పేరుకొని ఉంటుంది. షట్టర్ సగం దిగి మళ్లీ పైకి పోతోందని ఫోన్ చేస్తారు. పొడి గుడ్డతో తుడిచి, రెండు కళ్లూ ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూస్తే చాలు. తుడిచే ఓపిక లేక కొందరు సెన్సార్ వైరు పీకించేస్తారు. అలా పీకమని అడిగిన ఇంట్లో నేను పని చేయను.

నెలకోసారి పరీక్ష చేయండి. షట్టర్ దిగుతుంటే దూరం నుంచి సెన్సార్‌కు అడ్డంగా కర్ర పెట్టండి. దిగేది ఆగి పైకి పోవాలి. పోకపోతే ఆ రోజు నుంచి రిమోట్ బీరువాలో పెట్టండి, బాగయ్యే దాకా గోడ స్విచ్ దగ్గర నిలబడి, కింద ఎవరూ లేరని కళ్లారా చూస్తూనే దించండి.

మళ్లీ అదే మాటకు వస్తున్నాను, ఎందుకంటే ఎంసీబీ దించానన్నవాళ్లకూ షాక్ కొట్టింది. కొన్ని ఇళ్లలో షట్టర్‌కు విడిగా యూపీఎస్ ఉంటుంది, లేదా లైను ఇన్వర్టర్ మీద ఉంటుంది. వీధంతా చీకటైనా ఆ మోటార్‌కు కరెంటు పోనే పోదు. మెయిన్ ఎంసీబీ దించినా పోదు. అక్కడ యూపీఎస్ కూడా ఆపాలి. ఇంకొన్ని ఇళ్లలో వైరింగ్ చేసినవాళ్లు ఎంసీబీని న్యూట్రల్‌కు వేసి ఉంటారు. దించినా ఫేజ్, అంటే షాక్ కొట్టే తీగ కరెంటు, మోటార్ దాకా వస్తూనే ఉంటుంది. అందుకని దించాక టెస్టర్ పెట్టి చూడాలి. ఆ టెస్టర్ పనిచేస్తుందో లేదో ముందు కరెంటున్న ప్లగ్గులో చూడాలి.

వానలో తడిసిన షట్టర్ రేకు మొత్తానికీ కరెంటు వచ్చిన ఇల్లు ఒకటి నేను చూశాను. ఎర్త్ వైరు తెగి ఏడాదైందట, ఎవరూ పట్టించుకోలేదు. చిన్న లీకుకు ఎంసీబీ పడదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకును పసిగట్టి లైను తెంచే స్విచ్) పడుతుంది. పెట్టించుకోండి, దాని మీది టెస్ట్ మీట నెలకోసారి నొక్కి పడుతుందో లేదో చూడండి. ఎండాకాలంలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయండి.

ఇక వరసగా చెబుతాను, రాసుకోండి.

సగం తెరిచిన షట్టర్ కింద నుంచి వంగి పోవద్దు. ఒక్క అడుగే కదా అని పోవద్దు.

సగంలో ఆగిన షట్టర్ కింద కారు ఉంటే కారు వదిలేయండి. కారు పోతే కారు వస్తుంది.

చానల్‌లో వేలు పెట్టి గ్రీజు పూయొద్దు. బ్రష్‌తో పూయండి, కరెంటు తీసేశాక.

నొక్కి వదిలితే వెనక్కి వచ్చే స్విచ్చే పెట్టించండి. నొక్కితే అలాగే ఉండిపోయే స్విచ్ ఉంటే ఈ వారమే మార్పించండి. పెద్దాయన వేళ్లు చితికింది దాని వల్లే.

కరెంటు పోగానే మొదట స్విచ్ మధ్యకు తేవాలి, తర్వాత ఎంసీబీ దించాలి. ఆ తర్వాతే గొలుసు ముట్టుకోవాలి.

రిమోట్ పిల్లలకు ఇవ్వొద్దు. ఏడ్చినా ఇవ్వొద్దు.

పైన పని చేసే మనిషి జేబులోనే రిమోట్లన్నీ ఉండాలి. ఇంట్లో ఎన్ని రిమోట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. కారులో ఒకటి మరిచిపోతారు.

స్ప్రింగు ఉన్న షట్టర్ పైపు బోల్టులు విప్పొద్దు. స్ప్రింగు తిరిగిందంటే చేతిలోని పానా మొహానికి వస్తుంది.

ఎంసీబీ దించినా కెపాసిటర్ తీగలు ముట్టుకోవద్దు, అందులో కరెంటు నిలవ ఉంటుంది.

డబ్బాలో బల్లులు, కందిరీగలు, వానాకాలం పాములు ఉంటాయి. ముందు కర్రతో తట్టండి.

పైన లిమిట్ (ఆగాల్సిన చోటు) దాటి చుట్టలోకి దూరిపోతున్న షట్టర్‌ను మళ్లీ మళ్లీ నొక్కొద్దు. లిమిట్ సరిచేయడం మీ పని కాదు.

చుట్టలో చేయి ఇరికితే కంగారులో రిమోట్ నొక్కొద్దు, ఎటు తిరుగుతుందో ఆ క్షణాన ఎవరికీ తోచదు. ఎంసీబీ దించి, గొలుసుతో వెనక్కి తిప్పండి. 108కి ఫోన్ చేయండి.

షాక్ కొట్టిన మనిషిని పట్టుకొని లాగొద్దు. ముందు ఎంసీబీ దించండి, యూపీఎస్ ఉంటే అదీ ఆపండి.

తీగ తెగి షట్టర్ మీద పడితే దగ్గరికి పోవద్దు, 1912కు చెప్పండి, వాళ్లు వచ్చే దాకా ఎవరినీ పోనివ్వద్దు.

బోర్డులో ఏ ఎంసీబీ షట్టర్‌దో మీ ఇంట్లో ఎంతమందికి తెలుసు? ఈ రోజే మార్కర్ తీసుకొని దాని కింద 'షట్టర్' అని పెద్దక్షరాలతో రాయండి. చదువు రాని అమ్మ ఉంటే పక్కన ఎర్ర బొట్టు పెట్టి, ఆమె చేతనే ఒకసారి దించి చూపించండి.