బుర్రకథని ఫోన్‌లో తీసేటప్పుడు

ఒడిశాలో మన తెలుగువాళ్ళుండే పర్లాకిమిడి, గుణుపురం వైపు ఊళ్ళలో బుర్రకథ పెడితే చాలు, వెనక నిలబడ్డ కుర్రాళ్ళందరి చేతుల్లో ఫోన్లు లేస్తాయి. తెల్లారేసరికి ఆ వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి గానీ అరనిమిషం దాటి చూసేవాళ్ళు తక్కువ. స్టేజీని ఉన్నదున్నట్టు ఫోన్‌లోకి దింపేస్తే అంతే మరి.

ముందు ఒక భయం వదిలేయండి, రీలు చేస్తే కళ పాడవుతుందని. ఊరూరా తిరిగే శైవ భిక్షువులు జంగాలు చెప్పుకునే కథని 1940లలో వామపక్ష కళాకారుల సంఘం ప్రజానాట్యమండలివాళ్ళు అందుకుని కరువులూ పోరాటాలూ చెప్పారు, పేరున్న బుర్రకథకుడు షేక్ నాజర్ గొంతుతో అది ఊరూరా తిరిగింది, సినిమాల్లోకి వెళ్ళింది, రేడియోలోకి వెళ్ళింది, ఇప్పుడు బుర్రకథ చెప్పే దళాలే సినిమా బాణీలు తెచ్చి కథలో కలుపుతున్నాయి. 1932లో వచ్చిన మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద కూడా నాటకం నుంచి పుట్టిందే. ఇటు గంజాంలో ప్రహ్లాద నాటకం ఇప్పటికీ ఆడుతూనే ఉంది.

ఇక పని. నిలువు ఫ్రేములో కథకుడూ, అతనికి వంతపాడే ఇద్దరు వంతలూ, ముగ్గురూ పక్కపక్కన పట్టరు, అందుకని దూరం జరిగి తీస్తే ముగ్గురూ చీమల్లా కనిపిస్తారు. జాతర రోజు కాకుండా మర్నాడు పొద్దున దళాన్ని అడిగి ఒక ఘట్టం విడిగా చెప్పించుకోండి. కథకుణ్ణి ముందు, వంతలిద్దర్నీ రెండడుగులు వెనక్కి, చెరో భుజం పక్కన కనిపించేలా నిలబెట్టండి. కథకుడు ఎలాగూ తంబుర మీటుతూ ముందుకీ వెనక్కీ అడుగులేస్తాడు కదా, ఆ ముందుకొచ్చే అడుగు నిలువు ఫ్రేములో భలే పనిచేస్తుంది, ఒక్కసారిగా మొహం దగ్గరకొచ్చి కళ్ళు కనిపిస్తాయి. స్టేజీ కింద కూర్చున్నవాళ్ళకి ఆ కళ్ళు ఎప్పుడూ అందలేదు.

సౌండు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. వంతలు వాయించే గుమ్మెట డోలు దెబ్బకి ఫోన్ మైకులో సౌండు పగిలినట్టు వస్తుంది, మాట వినిపించదు. ఇంకో ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి కథకుడి జేబులో పెట్టండి, మొదలుపెట్టేముందు గట్టిగా ఒక చప్పట్లు కొట్టించండి. ఆ చప్పుడు పట్టుకుని రెండూ కలిపేయొచ్చు.

కత్తిరించేటప్పుడు వంతని నమ్ముకోండి. "ఆహా, ఆ తర్వాత?" అని అతను అడిగిన చోట ఆపితే చూసేవాడికి టెన్షన్ అలాగే ఉండిపోతుంది, తర్వాతి ముక్క వెతుక్కుంటాడు. "తందాన తాన" మధ్యలో మాత్రం కోయకండి, తాళం తెగితే కథ చచ్చిపోతుంది. పెద్ద పద్యాలు యూట్యూబ్‌లో పూర్తిగా పెట్టుకోండి.

మన పిల్లల్లో చాలామంది ఒడియా బడుల్లో చదివినవాళ్ళు, తెలుగు వింటే తెలుస్తుంది, చదవడం రాదు. కింద మాటలు తెలుగులోనే ఉంచి లిపి ఒడియాది వేయండి.

పెట్టేముందు దళంవాళ్ళకి చూపించి సరే అనిపించుకోండి. వాళ్ళు ఒప్పుకుంటే కథ పెట్టించుకోవడానికి ఏ నంబరుకి ఫోన్ చేయాలో కూడా వీడియో కిందే రాయండి. రీలు చూసినవాళ్ళు వచ్చే జాతరలో అదే ఘట్టం అడుగుతారు, దాన్ని ముందుకి జరపాలా, పెంచాలా అన్నది కథకుడే చూసుకుంటాడు.