‘పంపవలసిన ఫైలు’ను ఆంగ్లంలో రాయడం: నా అనుభవం

ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ‘ద ఫైల్ విచ్ ఐ షుడ్ సెండ్ ఇట్ టుడే’ అని నేను రాసిన ఈమెయిల్‌లోని ‘ఇట్’ కింద మా పై అధికారి ఎర్రగీత గీశారు. ఫైలును ‘విచ్’ అప్పటికే సూచిస్తున్నందున ‘ఇట్’కు అక్కడ పని లేదు.

తప్పుకు మూలం తెలుగులో ఉంది. ‘నేను పంపవలసిన ఫైలు’ అన్నప్పుడు క్రియాజన్య విశేషణం (క్రియ నుంచి పుట్టి నామాన్ని వర్ణించే ‘పంపవలసిన’ వంటి మాట) నామానికి ముందు వస్తుంది, ‘వలసిన’, ‘గల’, ‘కూడని’ వంటివి క్రియకే అతుక్కుంటాయి, ‘విచ్’, ‘హూ’ వంటి సంబంధ సర్వనామం అవసరమే ఉండదు. ఆంగ్లంలో నామమే ముందు వస్తుంది. అందుకే ఇప్పుడు ‘ఐ షుడ్ సెండ్ ద ఫైల్’ అని విడి వాక్యం రాసుకొని, ‘ద ఫైల్’ను ముందుకు జరిపి, అది ఉన్న చోటును ఖాళీగానే వదిలేస్తున్నాను: ‘ద ఫైల్ ఐ షుడ్ సెండ్’. ఇక్కడ ‘విచ్’ లేకపోయినా తప్పు కాదు. ‘ఎ పర్సన్ హూ కెన్ సైన్’లో మాత్రం ‘హూ’యే కర్త కనుక దానిని తొలగించలేము. ‘కెన్’ తరువాత ‘సైన్’కు ‘ఎస్’ చేర్చి ‘సైన్స్’ అని రాయకూడదన్నది బడిలో నేర్చుకున్నదే, అయినా చేయి జారుతుంది.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ‘వలసిన’. నియమం చెబితే ‘మస్ట్’, సలహా అయితే ‘షుడ్’ అని సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. ‘నిన్న పంపవలసిన ఫైలు’ను ‘షుడ్ హావ్ సెంట్’ అని రాస్తే, పంపలేదని సాధారణంగా ఒప్పుకున్నట్లే. తెలుగు మాట ఆ సంగతిని తేల్చదు. సమయానికే పంపిన ఫైలు గురించి అలా రాసి, అనవసరంగా ఒకసారి సంజాయిషీ ఇచ్చుకున్నాను. అటువంటి చోట ఇప్పుడు ‘ద ఫైల్ దట్ వాజ్ డ్యూ యెస్టర్డే’ అని రాస్తున్నాను.