ఎండకు పాలు తగ్గుతుంటే జెర్సీ తెచ్చాను

మాది నర్సంపేట దగ్గర. మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతి) క్రాస్ ఆవులు చలికాలంలో బకెట్లు నింపేవి. మే వచ్చిందంటే చాలు, నోరు తెరిచి రొప్పుతూ మేత ముట్టేవి కావు. పైగా పాలలో ఫ్యాట్ (వెన్న శాతం) 3.5 దాటక రేటు పడిపోయేది.

అందుకే ఈసారి జెర్సీ క్రాస్‌లు తెచ్చాను. ఒళ్లు చిన్నది, మేత తక్కువ, ఎండను కాస్త మెరుగ్గా ఓర్చుకుంటాయి, ఫ్యాట్ 4.5 దాకా వస్తోంది. కొనేముందు సాయంత్రం, మర్నాడు పొద్దున నా ఎదుటే పిండించాను. ఒక పూట పిండకుండా పొదుగు నింపి చూపించే బేరగాళ్లు ఉంటారు మరి! నాలుగు చన్నుల పాలూ విడివిడిగా నల్లటి గిన్నెలో పట్టి, పొదుగువాపుకు గుర్తయిన గడ్డలు లేవని చూశాను. చూడి పోగొట్టే జబ్బు బ్రూసెల్లాకు రక్తపరీక్ష అయ్యాకే డబ్బిచ్చాను.

పాతవాటిని అమ్మలేదు, పుట్టే దూడలు ఎండను ఓర్చుకునేలా దేశీ జాతి సాహివాల్ సెమెన్ వేయిస్తున్నాను. ముర్రా బర్రెలు కొనమని మా కాక ఒకటే పోరు. వాటికి ఎండాకాలం నీళ్లు బాగా కావాలి, మాకేమో బోరే దిక్కు.