కాలువలు కట్టేసినప్పుడు తాబేళ్లను కాపాడుకోవడం ఎలా

ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, మన గోదావరి డెల్టాలో తాబేళ్లకు అసలు గండం అప్పుడే. నీళ్లు ఇంకిపోగానే అవి బురదలోకి దూరి వానల దాకా కదలకుండా పడుంటాయి. పట్టేవాళ్లు ఇనుప ఊచతో బురదలో పొడుచుకుంటూ వస్తారు, డిప్ప తగిలి టక్కుమంటే తవ్వి గోనెసంచిలో వేసేస్తారు. కొన్ని ఇక్కడే కూరవుతాయి, మిగతావి బళ్లకెక్కి ఒడిశా, బెంగాల్ వెళ్లిపోతాయి.

ఇలా ఎక్కువగా దొరికేది ఫ్లాప్‌షెల్ అనే మంచినీటి తాబేలు. తిరగేస్తే వెనక కాళ్లను మూసే తలుపుల్లాంటి రెండు మడతలు కనిపిస్తాయి, అదే గుర్తు. "ఇన్ని ఉన్నాయి, నాలుగు తింటే ఏమైపోతుంది" అంటారు. కానీ ఇది చేపలా వేలకు వేలు గుడ్లు పెట్టదు. విడతకు రెండు నుంచి పద్నాలుగు, అంతే. వాటిలో కుక్కలూ నక్కలూ తినగా మిగిలి, పిల్లయి, మళ్లీ గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే పెద్ద ఆడ తాబేలును చంపితే ఆ లోటు ఇప్పట్లో పూడదు. ఫ్లాప్‌షెల్ ఇప్పటికే ఐయూసీఎన్ (ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంస్థ) రెడ్ లిస్టులో ముప్పున్న జాతి, గోదావరిలో కూడా ఉండే లీత్స్ సాఫ్ట్‌షెల్ అనే మెత్తటి డిప్ప తాబేలు పరిస్థితి అంతకన్నా ఘోరం.

చేపల చెరువు ఉంటే పట్టుబడికి ముందు రోజే కూలీలకు చెప్పి ఉంచండి, తాబేలు కనిపిస్తే పక్కన పెట్టమని. వలలో పడ్డాక చెబితే ఎవరూ వినరు. ఎత్తేటప్పుడు మెడ దగ్గర చెయ్యి పెట్టొద్దు, మెడ బాగా సాగుతుంది, కరిస్తే వదలదు. వెనక వైపు రెండు పక్కలా పట్టుకుని బకెట్లో వేసి, దగ్గర్లో నీళ్లున్న చెరువు గట్టున వదలండి, అదే నీళ్లలోకి దిగిపోతుంది. పుణ్యమని సముద్రంలో మాత్రం వదలకండి, ఇది మంచినీటి తాబేలు, ఉప్పునీళ్లలో చచ్చిపోతుంది.

ఎవరైనా అమ్ముతుంటే జాలిపడి కొని వదిలేద్దామనిపిస్తుంది. వద్దండీ, మీరిచ్చిన డబ్బుతో వాళ్లు రేపు ఇంకో సంచి నింపుతారు. గొడవకూ దిగొద్దు. చోటు, టైము, బండి నంబరు గుర్తుపెట్టుకుని 112కి గానీ అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు గానీ ఫోన్ చేయండి. ఫ్లాప్‌షెల్ వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలోది, పట్టినా అమ్మినా మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. చాలామందికి ఈ సంగతే తెలీదు, తెలిస్తే కొందరైనా మానేస్తారు.

ఇంట్లో పెద్దవాళ్లు మొలలకు మంచిదని తాబేలు మాంసం అడిగితే కసురుకోకండి. "మొలలకు డాక్టరు దగ్గర మందుంది తాతయ్యా, నేను తీసుకెళ్తాను" అని, నిజంగానే తీసుకెళ్లండి. ఆ మాంసంతో మొలలు తగ్గవు, పైగా తాబేళ్ల ఒంట్లో సాల్మొనెల్లా అనే, విరేచనాలూ జ్వరమూ తెప్పించే బ్యాక్టీరియా ఉండొచ్చు.

తీరం దగ్గర ఉండేవాళ్లకు ఇంకో మాట. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. గూడు ఎవరైనా తవ్వినట్టుంటే గుడ్లు చేత్తో సర్దే పని పెట్టుకోకండి, వెంటనే అటవీ శాఖ వాళ్లను పిలవండి. పెట్టి కొంతసేపయ్యాక గుడ్డును తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోతుంది.