రూమ్ హీటర్ ఇబ్బంది పెడితే ముందు సాకెట్ చూడండి

చలికాలం రాగానే హైదరాబాద్ ఇళ్లలో అటక మీది హీటర్లు కిందికి దిగుతాయి. ఏడాదంతా మూలన పడున్నది ఒక్కసారిగా 2000 వాట్లు లాగడం మొదలుపెడుతుంది. తేడా వస్తే అందరూ హీటర్‌నే అనుమానిస్తారు గానీ, లోపం చాలాసార్లు గోడలో ఉంటుంది.

ప్లగ్గు కాలుతోంది, మాడు వాసన వస్తోంది

మొదటిరోజు ఐదు నిమిషాలు కమురు వాసన వస్తే అది కాయిల్ మీద చేరిన దుమ్ము. కిటికీ తెరిచి నడిపితే పోతుంది. పోకపోతే, లేదా ప్లాస్టిక్ కాలిన వాసనైతే, వెంటనే ఆపేయండి.

పావుగంట నడిచాక స్విచ్ ఆపి, ప్లగ్గు పైభాగాన్ని వేలి వెనకవైపుతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే ప్లగ్గు పీకి పిన్నులు చూడండి. ఒక పిన్ను గోధుమరంగుకు తిరిగి, సాకెట్‌లో అదే రంధ్రం అంచు పసుపెక్కి కాస్త వంకరపోయి ఉంటే, లోపలి ఇత్తడి రేకు పట్టు వదిలినట్టే. 2000 వాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది. పట్టు సరిగా లేనిచోట ఆ కరెంటంతా చిన్న చుక్కలాంటి భాగం గుండా పోవాలి, అందుకే అక్కడ కాలుతుంది.

మెయిన్ ఆపించి ప్లగ్గు టాపు, సాకెట్ రెండూ మార్పించండి. ఒక్కటే మారిస్తే మాడిన పిన్ను కొత్త సాకెట్‌ను కూడా పాడుచేస్తుంది. సాకెట్ 16 ఆంపియర్లదై ఉండాలి, దాని వెనక 2.5 చదరపు ఎంఎం రాగి వైరు రావాలి. కన్వర్టర్ పెట్టి ఫోన్ చార్జర్ల 6 ఆంపియర్ల సాకెట్‌లో దూర్చితే పిన్ను పడుతుందే గానీ, వెనక ఉన్న సన్నవైరు లావెక్కదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలు వద్దు. సరైన సాకెట్లు, టాపులు కోఠి ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి, ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి.

ఎంసీబీ పడిపోతోంది

ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే ఆపేసే స్విచ్. అది ఎప్పుడు పడిందో గుర్తుపెట్టుకోండి. పెట్టగానే పడితే హీటర్‌లోనో తీగలోనో షార్ట్. కొంతసేపు నడిచాక పడితే లోడు ఎక్కువైంది. అదే లైనులో 2000 వాట్ల గీజర్ కూడా నడుస్తుంటే రెండూ కలిసి 17 ఆంపియర్లు దాటతాయి, 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవచ్చు. ఒకటి ఆపి ఇంకొకటి వేయండి. పెద్ద ఎంసీబీ పెట్టించడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే వైరు మాడకుండా కాపాడేది ఆ చిన్నదే.

ఎంసీబీ కాక ఆర్‌సీసీబీ (లీకేజీని పట్టి కరెంటు ఆపే స్విచ్) పడుతుంటే బాడీకి కరెంటు లీకవుతోందని అర్థం. వానాకాలమంతా పక్కన పడున్న హీటర్ రాడ్‌లోకి తేమ దిగుతుంది. రెండురోజులు ఎండలో పెట్టి చూడండి. మళ్లీ పడితే ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (లీకేజీని కొలిచే మీటరు) పెట్టించండి. అప్పటిదాకా వాడొద్దు.

బాడీ తాకితే జివ్వుమంటోంది

ఎర్త్ లేదు. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. ఎర్త్ వేయించేవరకు హీటర్ ముట్టుకోకండి.

బ్లోవర్ కాసేపు నడిచి ఆగిపోతోంది

వెనక జాలీ చూడండి. దుప్పటి నూగు, జుట్టు, దుమ్ము కలిసి పొరలా పేరుకుని ఉంటాయి. గాలి ఆడక లోపల వేడి ఎక్కువై థర్మల్ కటౌట్ ఆపేస్తుంది. ప్లగ్గు పీకి, అరగంట చల్లారనిచ్చి, మెత్తటి బ్రష్‌తో దులపండి. ఫ్యాన్ చేత్తో తిప్పితే బరువుగా కదిలితే బుష్‌కు (ఇరుసు తిరిగే చోటుకు) కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు. కొందరు మెకానిక్‌లు కటౌట్‌ను తీసేసి వైరు కలిపేస్తారు. అలా చేయనివ్వకండి. ఫ్యాన్ ఆగిపోయిన రోజున నిప్పు అంటుకోకుండా ఆపేది అదొక్కటే.

ఫ్యాన్ తిరిగి వేడి రాకపోతే కాయిల్ తెగి ఉండొచ్చు. ప్లగ్గు పీకేసి, స్విచ్ 1000 వాట్ల మీద, థర్మోస్టాట్ పూర్తిగా పైకి పెట్టి, ఎర్త్ పిన్ను కాక మిగతా రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ చూడండి. దాదాపు 53 ఓములు చూపాలి.

వేడి చాలడం లేదు

వోల్టేజీ 200కి పడితే 2000 వాట్ల హీటరు 1500 వాట్లే ఇస్తుంది. హీటర్ పాడవలేదు. తలుపు కింద సందుకు గోనెపట్టా అడ్డం పెట్టండి. క్వార్ట్జ్ హీటర్‌లో ఒక రాడ్డే వెలిగితే రెండోది అదే పొడవు, అదే వాటేజీదే వేయించండి. వేడి రాడ్డు మీద నీళ్లు పడనివ్వకండి.

ఆయిల్ హీటర్ టిక్కుటిక్కుమనడం లోహం వ్యాకోచం, భయం లేదు. కింద నూనె మరక కనిపిస్తే బాగుచేయించకుండా పక్కన పెట్టేయండి.

ఎక్కడ పెట్టాలి

కర్టెన్‌కు, పరుపుకు, సోఫాకు మూడు అడుగుల దూరం ఉండాలి. గోడ హీటర్ తీగ వేడిగాలి ముందు వేలాడకూడదు. నేల హీటర్‌ను సాకెట్ కిందే పెట్టొద్దు. తడిబట్టలు ఆరేయొద్దు, పడుకునే ముందు ఆపేయండి. పసిపిల్లలున్న గదిలో కుంపటి బొగ్గులు పెట్టడం మరీ ప్రమాదం. మూసిన గదిలో వాటి నుంచి వచ్చే విషవాయువు కంటికి కనపడకుండానే ప్రాణం తీస్తుంది.

శివరాత్రికి చలి శివ శివా అంటూ వెళ్లిపోయాక హీటర్ దులిపి, తీగను బిగించి మడవకుండా వదులుగా చుట్టి, సంచిలో నిలువుగా పెట్టండి.