చలిలో ఎగిరే ముందు ఆయిల్ వేడి చూసుకోండి

చిన్న పిస్టన్ విమానాల్లో ఆయిల్ మరీ వేడెక్కితే అందరికీ టెన్షనే. చల్లగా ఉండిపోతే మాత్రం పెద్దగా పట్టించుకోరు. అదీ ప్రమాదమే.

• చలి మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ దాటితే ప్రీహీట్ (స్టార్ట్ చేసే ముందే ఇంజన్‌ని బయటినుంచి వేడి చేయడం) తప్పనిసరి అనుకోండి. సిలిండర్లకే కాదు, కింద ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఆయిల్ సంప్‌కీ వేడి అందాలి.

• ఆయిల్ గ్రేడ్ (చిక్కదనం) మాన్యువల్ ప్రకారమే.

• బ్రీదర్ ట్యూబ్ (ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి పంపే గొట్టం) కొస దగ్గర వంగి చూడండి. ఇంజన్ వదిలే ఆవిరి అక్కడే గడ్డకడుతుంది. అది మూసుకుంటే క్రాంక్‌కేస్‌లో (ఇంజన్ ప్రధాన పెట్టెలో) ఒత్తిడి పెరిగి ఇంజన్ ముందు వైపు ఉండే సీల్ ఊడి, ఆయిలంతా బయటికి పోవచ్చు.

• స్టార్ట్ అవ్వగానే ఆయిల్ ప్రెజర్ చూడండి. మాన్యువల్ చెప్పిన సమయంలో ముల్లు లేవకపోతే వెంటనే ఆపేయండి.

• ఎగరకుండా నేలమీదే కాసేపు నడిపి ఆపేయడం వద్దు. ఆయిల్ సుమారు 82 డిగ్రీలకు చేరి, కొంతసేపు అక్కడే ఉంటేనే అందులో చేరిన నీరు ఆవిరై పోతుంది. లేకపోతే ఆ తేమ ఇంధనం మండగా మిగిలిన వ్యర్థాలతో కలిసి ఆమ్లంగా మారి, వాల్వులను కదిలించే క్యామ్‌షాఫ్ట్‌కి తుప్పు పట్టిస్తుంది.

• గాల్లో కూడా ఆయిల్ వేడి ఎప్పుడూ తక్కువే చూపిస్తోందా? ముందు గేజ్‌ని పరీక్ష చేయించండి, తర్వాత ఆయిల్ కూలర్ థర్మోస్టాట్‌ని (కూలర్‌లోకి ఆయిల్ ఎప్పుడు వెళ్లాలో వేడిని బట్టి నియంత్రించే భాగం). కూలర్‌కి చల్లగాలి తగ్గించే అడ్డుపలక వాడేటట్లయితే తయారీదారు ఆమోదించినదే పెట్టండి, ఎండలు రాగానే తీసేయండి.