కాంప్టన్ తరంగదైర్ఘ్యం: లెక్క ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచూసుకోవాలి

నెల్లూరులో చదివినా ఒంగోలులో చదివినా డిగ్రీ పిల్లలకు కాంప్టన్ తరంగదైర్ఘ్యం (కణం ద్రవ్యరాశిని బట్టి వచ్చే ఒక పొడవు) లెక్క తప్పేది ఫిజిక్స్ రాక కాదు, క్యాలిక్యులేటర్ దగ్గర. సూత్రం చిన్నదే: ప్లాంక్ స్థిరాంకాన్ని, ద్రవ్యరాశి కాంతివేగాల లబ్ధంతో భాగించాలి. ఎలక్ట్రాన్‌కి 6.626×10⁻³⁴ ని 9.109×10⁻³¹ తో భాగించి, హారానికి బ్రాకెట్ పెట్టకుండా 3×10⁸ తో ఇంటూ కొడితే 2.18×10⁵ మీటర్లు వస్తుంది. అంటే 218 కిలోమీటర్లు. ఒంగోలులో రైలెక్కితే సుమారు సూళ్లూరుపేట దాకా! రావాల్సింది 2.426×10⁻¹² మీటర్లు.

అసలు ఈ ఘాతాల గొడవే వద్దు. ప్లాంక్ స్థిరాంకం, కాంతివేగం గుణిస్తే 1239.84 ఎంఈవీ-ఫెమ్టోమీటర్లు (ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి, ఫెమ్టోమీటర్ అంటే 10⁻¹⁵ మీటర్లు). ఈ ఒక్క అంకె కంఠతా పట్టండి. దాన్ని కణం విరామ శక్తితో (ద్రవ్యరాశి × కాంతివేగం వర్గం, ఎంఈవీలో) భాగిస్తే జవాబు నేరుగా ఫెమ్టోమీటర్లలో వస్తుంది. ఎలక్ట్రాన్‌కి 1239.84 ÷ 0.51100 = 2426.3. ఎలక్ట్రాన్‌కి బరువైన బంధువు మ్యువాన్ (105.658) 11.734, ప్రోటాన్ (938.272) 1.3214, న్యూట్రాన్ (939.565) 1.3196. కణం బరువెక్కేకొద్దీ జవాబు తగ్గకపోతే ఎక్కడో తిరగేసినట్టే.

2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకం విలువ ఖాయం, కాంతివేగం అంతకు ముందే ఖాయం. అందుకే మీ జవాబు కచ్చితత్వం ద్రవ్యరాశి విలువ మీదే ఆధారపడుతుంది. కాంతివేగం 3×10⁸ అని వేస్తే మాత్రం ఎలక్ట్రాన్‌కి 2.4263 పికోమీటర్లు (10⁻¹² మీటర్లు) కాస్తా 2.4246 అవుతుంది.

కొన్ని పుస్తకాల్లో ఎలక్ట్రాన్‌కి 386.16 ఫెమ్టోమీటర్లు కనిపిస్తుంది. కంగారుపడొద్దు, అది 2π తో భాగించిన తరంగదైర్ఘ్యం, లాంబ్డా బార్ అంటారు. సరిచూసుకోడానికి ఇదే మంచి దారి: దాన్ని 137.036 (సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం విలోమం) తో గుణిస్తే హైడ్రోజన్ పరమాణువు సైజు చెప్పే బోర్ వ్యాసార్ధం (0.529 ఆంగ్‌స్ట్రాములు), భాగిస్తే ఎలక్ట్రాన్ సాంప్రదాయ వ్యాసార్ధం (2.818 ఫెమ్టోమీటర్లు) రావాలి. రాకపోతే 2π ఎక్కడో జారిపోయింది.

ఎక్స్ కిరణమో గామా కిరణమో ఎలక్ట్రాన్‌ని తాకి θ కోణంలో పక్కకు చెదిరితే (పరిక్షేపణ) దాని తరంగదైర్ఘ్యం పెరుగుతుంది; ఆ మార్పు = 2.426 × (1 − కాస్ θ) పికోమీటర్లు. 90 డిగ్రీలకు 2.426, వెనక్కి తిరిగితే 4.853. 90 డిగ్రీలకు మీకు 3.51 వచ్చిందంటే క్యాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉంది. సీజియం-137 గామా, 662 కేఈవీ (వెయ్యి కేఈవీలు ఒక ఎంఈవీ), 90 డిగ్రీల దగ్గర 288 కేఈవీకి పడిపోతుంది.

1923లో కాంప్టన్ వాడిన మాలిబ్డినం ఎక్స్ కిరణాలు 71 పికోమీటర్లవి, మార్పు 3.4 శాతం. పచ్చటి వెలుగు తీసుకుంటే మార్పు లక్షలో అర వంతు. కంటికి కాదు కదా, మామూలు స్పెక్ట్రోమీటర్‌కీ ఆనదు. గ్రాఫ్‌లో చోటు మారని శిఖరం కూడా ఒకటి ఉంటుంది, దాన్ని తప్పని కొట్టేయకండి. గట్టిగా కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్‌ని తాకినప్పుడు దెబ్బ మొత్తం పరమాణువుకు తగులుతుంది. కార్బన్ పరమాణువుకు కాంప్టన్ తరంగదైర్ఘ్యం 0.11 ఫెమ్టోమీటర్లే, అందుకే మార్పు కనిపించదు.